ఆరో వచనం దగ్గర ఆపేశాను

మంచం పక్కన నిలబడి బైబిలు చదివేటప్పుడు మనకు ఒక ధీమా ఉంటుంది. ఏదో మంచి పని చేస్తున్నాం అన్న ధీమా. నాకూ ఉండేది. మా సంఘంలో ఒక పెద్దావిడ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాను. ప్రార్థనకు ముందు ఒక వాక్యం చదవాలి కదా. ఏం చదవాలో అనుకుని వెళ్లలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం తెరిచి 5, 6 వచనాలు చదివేశాను. "ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి తాను స్వీకరించు ప్రతి కుమారుని దండించును." బైబిలు మూసి, ప్రార్థన చేసి, ఆమేన్ అన్నాను.

ఆవిడ కాసేపు దుప్పటి అంచును వేళ్లతో మడతపెట్టారు, విప్పారు, మళ్లీ మడతపెట్టారు. తర్వాత మెల్లగా అడిగారు.

"అయితే నేనేం తప్పు చేశానంటావు బాబూ?"

"అలా కాదు ఆంటీ..." అని ఏదో గొణిగి బయటపడ్డాను. మెట్లు దిగుతుంటే నా మీద నాకే కోపం వచ్చింది. నేను చదివింది అబద్ధం కాదు, అక్షరాలా వాక్యమే. మరి ఆవిడ మంచం దగ్గర అది ఎందుకంత తేడాగా వినిపించింది? ఆ ప్రశ్న చాలా రోజులు నన్ను వదల్లేదు. దైవభయం గురించీ దేవుని శిక్ష గురించీ నేను సరిగ్గా చదివింది ఆ తర్వాతే.

ముందు భయం సంగతి. హెబ్రీలో "యిర్ఆ" అని ఒక మాట ఉంది. సింహాన్ని చూసి పుట్టే వణుకుకూ అదే, దేవుని ముందు తల వంచడానికీ అదే. తెలుగు బైబిలు అనువదించినవాళ్లు దేవుని విషయంలో చాలాచోట్ల దాన్ని "భయభక్తులు" అన్నారు. "యెహోవాయందు భయభక్తులు గలిగియుండుటయే జ్ఞానమునకు మూలము" అని సామెతల గ్రంథం 9వ అధ్యాయంలో చదువుతాం. ఆ జంటపదం మనకు ఎంత అలవాటైపోయిందంటే అందులో రెండు మాటలున్నాయని కూడా గమనించం. గమనించనందువల్ల నష్టం లేదు కానీ, ప్రసంగాల్లో చాలాసార్లు భక్తి జారిపోయి భయం ఒక్కటే మిగులుతుంది. ఇది చెయ్యకపోతే దేవుడు కొడతాడు, అది ఇవ్వకపోతే దేవుడు లాగేసుకుంటాడు. అలా పుట్టిన భయంతో జనం మందిరానికి వస్తారేమో గానీ దేవుని దగ్గరకు మాత్రం రారు.

ఈ తేడా, దేవుడు పది ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ దగ్గర ఒకే వచనంలో కనిపిస్తుంది. ఉరుములు, మెరుపులు, బూర ధ్వని, కొండంతా పొగ. జనం వణికిపోయి దూరంగా నిలబడ్డారు. నువ్వే మాతో మాట్లాడు, దేవుడు మాట్లాడితే మేం చచ్చిపోతాం అని తమ నాయకుడు మోషేను బతిమాలుకున్నారు. అప్పుడు మోషే ఇచ్చిన జవాబు చూడండి, నిర్గమకాండం 20వ అధ్యాయం, 20వ వచనం. భయపడకండి అంటాడు. ఆ వెంటనే, మీరు పాపం చెయ్యకుండా ఆయన భయం మీలో ఉండాలనే దేవుడు వచ్చాడు అంటాడు. హెబ్రీలో రెండుచోట్లా ఒకే ధాతువు. భయపడొద్దు, భయం ఉండాలి. మొదటి భయం మనిషిని కొండకు దూరంగా జరుపుతోంది. ఏదెను తోటలో ఆదామును చెట్ల చాటుకు పంపిందీ అదే. రెండో భయం వేరు. అది ఉన్నవాడు దూరం జరగడు, తప్పు చెయ్యడానికి జంకుతాడు.

5వ శతాబ్దం తొలినాళ్లలో హిప్పో నగర బిషప్‌గా ఉన్న అగస్టీన్, యోహాను మొదటి పత్రిక మీద ప్రసంగిస్తూ దీన్ని ఇద్దరు భార్యల పోలికతో చెప్పాడు. భర్త ఎక్కడ వచ్చేస్తాడో అని ఒకామెకు భయం. భర్త ఎక్కడ వెళ్లిపోతాడో అని ఇంకొకామెకు భయం. నీకు భయమా అని అడిగితే ఇద్దరూ అవుననే అంటారు. ఆ "అవును" వెనక ఉన్న మనసులు మాత్రం వేరు. అదే ప్రసంగంలో సూది, దారం పోలిక కూడా ఉంది. గుడ్డలోకి ముందు సూది దిగుతుంది, దాని వెనకే దారం వస్తుంది. సూది బయటికి రాకపోతే దారం లోపలికి పోదు. భయం సూది, ప్రేమ దారం. "పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును" అన్న యోహాను మాటను ఇంత చక్కగా విప్పిన పోలిక నాకు ఇంకోటి కనబడలేదు. జర్మనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో పది ఆజ్ఞల్లో ఒక్కోదాని అర్థం చెప్పేటప్పుడు, మనం దేవునికి భయపడి ఆయనను ప్రేమించాలి అనే మొదలుపెడతాడు. ఆయనా రెండింటినీ విడదీయలేదు.

నోటితో చెప్పుకునే దైవభయం ఎంత తేలికో చూడాలంటే యోనా ప్రవక్తను చూస్తే చాలు. దేవుని నుంచి పారిపోతూ, ఓడలో ఉండి, "నేను యెహోవాయందు భయభక్తులు గలవాడను" అంటాడు. చదివిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే నన్ను నేను చూసుకుంటాను. ఆ పూట నిజంగా భయభక్తులు కలిగింది ఓడవాళ్లకు. అదీ తుపాను ఆగిపోయిన తర్వాత.

ఆ "తర్వాత" అన్నది నాకు 130వ కీర్తనలో మళ్లీ దొరికింది. "యెహోవా, నీవు దోషములను కనిపెట్టి చూచినయెడల ప్రభువా, ఎవడు నిలువగలడు?" ఇక్కడ ఆపితే వణుకే. తర్వాతి వచనం ఇలా ఉంది: "అయినను జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీయొద్ద క్షమాపణ దొరుకును." మన లెక్క ప్రకారం దండన ఉంటేనే భయం ఉండాలి. కీర్తనకారుడేమో క్షమాపణ దొరుకుతుంది కాబట్టి భయభక్తులు అంటున్నాడు. అప్పు కట్టలేనివాడు అప్పిచ్చినవాడికి భయపడి వీధి మారుస్తాడు. ఆ అప్పు మొత్తం రద్దు చేసినవాడు ఎదురైతే వీధి మారుస్తాడా? అయినా ఆయన ముందు నోరు పారేసుకోలేడు. ఆయన మాట అంటే లెక్కలేనట్టు బతకలేడు. ఈ రెండోదానికి సరైన పేరు ఏదంటే, మన బైబిల్లో ఉన్న ఆ జంటపదమే.

ఇక శిక్ష. ఈ మాట తెలుగులో కాస్త అన్యాయమైపోయింది. వినగానే జైలు, జరిమానా గుర్తొస్తాయి. సంస్కృతంలో శిక్ష అంటే చదువు, నేర్పడం. వేదాంగాల్లో ఉచ్చారణ నేర్పే శాస్త్రం పేరు శిక్ష. అదే మాటకు చివర ఒక్క "ణ" చేరితే మనకూ శిక్షణ అవుతుంది, అప్పుడు ఎవరూ భయపడరు, ఫీజు కట్టి మరీ వెళ్తారు. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయంలో శిక్ష అని మనం చదివేచోట గ్రీకులో ఉన్న మాట "పైదెయా". పిల్లవాణ్ణి పెంచి, నేర్పి, మనిషిని చెయ్యడం అని దాని అర్థం. మోషే ఐగుప్తు (ఈజిప్టు) విద్యలన్నీ నేర్చుకున్నాడని అపొస్తలుల కార్యాలు 7వ అధ్యాయం చెప్పేదీ ఈ మాట కుటుంబంతోనే. అయితే దీన్ని మరీ మెత్తగా చేసేయడమూ సరికాదు. రోమా అధిపతి పిలాతు యేసును "శిక్షించి విడుదల చేయుదును" అన్నచోట ఉన్నదీ ఈ కుటుంబపు మాటే. అందులో నొప్పి ఉంది. ఆరో వచనంలోని "దండించును" అన్న మాటకు గ్రీకులో కొరడా దెబ్బ అనే అర్థం ఉంది. నొప్పి లేదని ఆ పత్రిక ఎక్కడా అనదు. ఆ నొప్పి ఎందుకో మాత్రం చెబుతుంది.

ఆ పత్రిక మొదట విన్నవాళ్లు ఎవరు? 10వ అధ్యాయం చూస్తే తెలుస్తుంది. విశ్వాసం కోసం అవమానాలు పడ్డవాళ్లు, ఆస్తి దోచుకుపోతుంటే సహించినవాళ్లు, చెరలో ఉన్నవాళ్లకు తోడు నిలిచినవాళ్లు. అంటే ఇక్కడ శిక్ష అని పిలిచింది ఫలానా పాపానికి పడిన జరిమానాను కాదు. వాళ్ల మీదకు వచ్చింది ఇతరుల దుర్మార్గం. దాన్ని కూడా తండ్రి వ్యర్థంగా పోనివ్వడు అని చెప్పడానికే రచయిత ఈ మాట వాడాడు. నేను ఆస్పత్రిలో చదివినప్పుడు ఈ సందర్భమంతా ఎగిరిపోయింది. ఆవిడకు మిగిలింది తప్పు, దెబ్బ అన్న లెక్క.

ఆ లెక్క చాలా పాతది. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు, ఉన్నదంతా పోగొట్టుకున్న యోబు పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్న స్నేహితులు అంతవరకూ బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడింది. వాళ్లలో ఒకడైన ఎలీఫజు ఏమన్నాడో చూడండి: "దేవుడు గద్దించు మనుష్యుడు ధన్యుడు కాబట్టి సర్వశక్తుడగు దేవుని శిక్షను తృణీకరింపకుము." సామెతలు 3వ అధ్యాయంలో ఉన్నది, హెబ్రీ పత్రిక ఎత్తి రాసినది దాదాపు ఇదే. మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా చివర్లో దేవుడు ఎలీఫజు మీద నా కోపం మండుతోంది అన్నాడు. అది చదివిన రోజు నాకు చెమట పట్టింది. సరైన వాక్యాన్ని సరికాని మనిషి మీద పెడితే ఆ వాక్యం చెప్పినవాడే నేరస్తుడయ్యాడు. "నా కుమారుడా" అనే పిలుపుతో మొదలయ్యే మాట అది. తండ్రి బిడ్డతో అనేది. పక్కింటివాడు వచ్చి కిటికీలోంచి, మీ నాన్న నిన్ను అందుకే కొట్టాడు అంటే ఎలా ఉంటుంది? నేను చేసింది అదే.

నాన్న అన్నాం కాబట్టి ఇంకొక మాట. తండ్రి శిక్ష అనగానే కొందరికి ఒళ్లు జలదరిస్తుంది. తాగి వచ్చినవాడి చెయ్యి, ఎప్పుడు ఎందుకు లేస్తుందో తెలియని బెల్టు గుర్తొస్తాయి. అలా పెరిగినవాళ్లకు దేవుడు తండ్రిలాంటివాడు అని చెబితే అది సువార్తలా వినబడదు. ఈ సంగతి ఆ పత్రిక రాసినవాడికి తెలుసు అనిపిస్తుంది నాకు. పదో వచనంలో మన శరీర సంబంధులైన తండ్రులు "తమ కిష్టము వచ్చినట్టు" శిక్షించారు అంటాడు. మన తండ్రుల కొలతతో దేవుణ్ణి కొలవొద్దని ఆ ఒక్క ముక్కలోనే తేల్చేశాడు. దేవుడైతే "మన మేలుకొరకే", తన పరిశుద్ధతలో మనకు పాలు ఇవ్వడానికి శిక్షిస్తాడట. భార్యాబిడ్డల మీద చెయ్యి చేసుకుని ఈ అధ్యాయాన్ని సాకుగా చూపించేవాళ్లు ఆ వచనం దాటేసి చదువుతున్నారు.

మరి పాపానికి దేవుడు శిక్షించడా? శిక్షిస్తాడు. మరొకడి భార్యను తీసుకుని, అతణ్ణి చంపించిన దావీదు రాజు కథ ఉంది కదా. కానీ అక్కడ దేవుడు ముందు నాతాను ప్రవక్తను పంపాడు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పించి, "ఆ మనుష్యుడవు నీవే" అనిపించాడు. చేసిన తప్పు పేరు పెట్టి చెప్పాడు, ఆ పైనే జరగబోయేది చెప్పాడు. దావీదు నేను పాపం చేశాను అన్న వెంటనే, దేవుడు నీ పాపాన్ని తీసేశాడు అన్న మాట కూడా వచ్చింది. దేనికో తెలియదు, ఎక్కడో ఏదో చేసే ఉంటాను అని రాత్రంతా నిద్ర పట్టనివ్వని ఆ మసకమసక టెన్షన్‌ను నేను ఇప్పుడు దేవుని గద్దింపు అనుకోవడం మానేశాను. ఆయనకు చెప్పాల్సింది ఉంటే పేరు పెట్టి చెప్పగలడు.

హెబ్రీలో శిక్షకు ఉన్న మాట "మూసార్". సామెతల గ్రంథంలో ఎక్కువగా కనబడుతుంది. యెషయా 53వ అధ్యాయంలో, "మన సమాధానార్థమైన శిక్ష అతనిమీద పడెను" అన్నచోటా అదే. ఇది తెలిశాక ఆ వచనం నాకు మునుపటిలా చదవడం కుదరలేదు. పిల్లల మీద పడాల్సిన బెత్తం కుమారుడి మీద పడింది. అందుకే గుడ్ ఫ్రైడే రోజు సిలువ దగ్గర నిలబడినవాడికి, తన మంచం మీదకు వచ్చిన నొప్పి ఇంకా తీరని పాత బాకీ అనుకోవాల్సిన పని లేదు.

నేను మళ్లీ ఆవిడను చూడ్డానికి వెళ్లడానికి నెల పట్టింది. బిజీ అని చెప్పుకున్నాను గానీ మొహం చెల్లక. వెళ్లేసరికి ఇంట్లో ఫిజియోథెరపీ జరుగుతోంది. ఆ అమ్మాయి ఆవిడ కాలు పట్టుకుని, "ఇంకొక్కసారి ఆంటీ, ఇంకొక్కసారి" అంటోంది. ఆవిడ పళ్లు బిగబట్టి కుర్చీ చేతిని పట్టుకుని లేస్తున్నారు. కళ్లలో నీళ్లు. నాలుగడుగులు వేసి కూర్చుని, నన్ను చూసి, పక్కనున్న బైబిలు అందుకుని, గుర్తు పెట్టుకున్న పేజీ తీసి నా చేతికిచ్చారు. హెబ్రీ పత్రిక, 12వ అధ్యాయం. 11వ వచనంలో "అభ్యాసము కలిగినవారికి" అన్నచోట పెన్సిలుతో గీత ఉంది. గ్రీకులో అక్కడ ఉన్నది వ్యాయామశాల మాట, జిమ్ అన్న మాట పుట్టింది దాని కుటుంబంలోనే. ఆవిడకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గీత మాత్రం సరిగ్గా అక్కడే ఉంది.

"కిందకి చదువు" అన్నారు.

చదివాను. "కాబట్టి వడలిన చేతులను సడలిన మోకాళ్లను బలపరచుడి. మరియు కుంటికాలు బెణకక బాగుపడు నిమిత్తము మీ పాదములకు మార్గములను సరాళము చేసికొనుడి."

ఆవిడ మోకాలు రుద్దుకుంటూ నవ్వారు. "ఆ రోజు ఇంకో ఏడు వచనాలు చదవలేకపోయావా బాబూ?"