‘ఈ వయసులో అంత ఆకలి ఎందుకమ్మా?’

చెన్నైలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాక నాకు షుగర్ బయటపడింది. మెట్‌ఫార్మిన్, దానికి తోడు గ్లిమెపిరైడ్ రాసిచ్చారు. కొంతకాలం బాగానే ఉంది. తర్వాత, పెరంబూరులో మేము చూపించుకునే డాక్టరు బరువు తగ్గాలంటూ రాత్రి భోజనం మానేయమన్నారు. ఆకలేస్తే ఏం చేయాలని అడిగాను. రాస్తున్న చీటీ మీంచి తల ఎత్తకుండానే, “ఈ వయసులో అంత ఆకలి ఎందుకమ్మా?” అన్నారు. పక్కనున్న కుర్రవాడు కిసుక్కున నవ్వాడు. తరగతి మొత్తాన్ని కంటిచూపుతో కూర్చోబెట్టిన దాన్ని, ఆ గదిలో నోరు పెగలలేదు. భోజనం మానమన్న ఆ పెద్దమనిషి, భోజనానికి ముందు వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర ఊసే ఎత్తలేదు.

చెప్పినట్టే చేశాను. బరువు తగ్గింది. బంధువులు మెచ్చుకున్నారు కూడా.

ఒక ఏకాదశి నాడు పగలు పండ్లతో సరిపెట్టుకున్నాను, రాత్రి అలవాటు ప్రకారం మాత్ర వేసుకున్నాను. అర్ధరాత్రి దాటాక రవిక చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతులు వణికాయి. ఆ తర్వాతివి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. రెండో బెంచీ పిల్లలు నిలబడాలని గదమాయించానట. కల కాబోలని మా ఆయన పక్కకు తిరిగి పడుకున్నారు. కోడలు మాత్రం లైటు వేసి నా వేలు గుచ్చింది. గ్లూకోమీటరులో షుగర్ 43కి పడిపోయి ఉంది. “అత్తయ్యా, మింగండి, మింగండి” అంటూ పంచదార నీళ్లు చెంచాతో పట్టించిన ఆ గొంతే నన్ను పట్టి ఉంచింది. ఆ పిల్లను పెళ్లిచూపులలో వంక పెట్టినదాన్ని నేనే.

ఆసుపత్రిలో షుగర్ మళ్లీ పడిపోయింది. గ్లూకోజు ఎక్కించి మర్నాటి దాకా ఉంచారు. గ్లిమెపిరైడ్ మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుందట. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే ఇలా కావడం అరుదు. ఈ ముక్క ముందే చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మా ఆయన వెళ్లి ఆ పాత డాక్టరును అడిగితే, “తినకపోతే మాత్ర ఆపాలని తెలియదా?” అన్నారట. ఆ డాక్టరు మీద కోపం ఇంకా పోలేదు, పోవాలని కూడా లేదు.

కొత్త డాక్టరమ్మ బరువు తర్వాత చూద్దామని, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నారు. లేవలేకపోయాను. కొవ్వుతో పాటు కండ కూడా కరిగిందని చెప్పారు. 65 దాటిన స్థూలకాయులు 160 మందితో అమెరికాలో చేసి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం గురించి వివరించారు. బరువు తగ్గుతూ నడక లాంటి వ్యాయామం, బరువులెత్తడం రెండూ చేసినవారి శారీరక సామర్థ్యం 21 శాతం పెరిగితే, ఏదో ఒకటే చేసినవారిది 14 శాతమే పెరిగిందట. మన చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో వెల్లడించిన పరిశోధన ఇంకా ఆశ్చర్యం. షుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు గమనిస్తే, తిండి, నడక మార్చుకున్నవారిలో జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు! వాళ్లకు ఇంకా రాలేదు, నాకు వచ్చేసింది, ఆ తేడా తెలుసు. అయినా త్రాసు ముల్లు చూసి నన్ను తూలనాడిన మనిషికి ఈ కాగితం చూపించాలని ఉంది.

ఇప్పుడు ఉదయం పెసరట్టు, రాత్రి పప్పన్నం, సాయంత్రం నీళ్లు నింపిన సీసాలు రెండు చేతులా పట్టుకుని కసరత్తు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేస్తున్నాను. గ్లిమెపిరైడ్ ఆపేశారు.

ఉపవాసాలుండేవారు ఏ మాత్ర ఆపాలో ముందే డాక్టరును అడగండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఏకాదశికి తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి దర్శనానికి ఇప్పటికీ వెళతాను. తినే వెళతాను. మా ఆయనకు అది నచ్చదు. స్వామి మాత్రం ఇంతవరకు ఏమీ అనలేదు.