జంకోలకు ఇదే దక్షిణం

నవంబరు రెండో వారంలో మేము మసాచుసెట్స్‌లోని అక్కయ్య ఇంటికి చేరేసరికి మేపుల్ చెట్లు ఆకులన్నీ రాల్చేసి మోడుల్లా నిలబడి ఉన్నాయి. రంగులు చూడాలంటే నెల ముందు రావలసిందని బావగారు నొచ్చుకున్నారు గాని, నేను కోరి వచ్చింది ఈ బోసి రోజుల కోసమే. ఆకు మరుగు లేనప్పుడు పిట్టలకు దాగే చోటు తక్కువ, చూసేవాడికి శ్రమ తక్కువ.

వంటింటి కిటికీకి ఎదురుగా పెరట్లో ఇనుప కడ్డీకి ఆయన పిట్టలకు తిండి పెట్టే ఫీడర్లు రెండు వేలాడదీశారు. ఒకటి నల్ల పొద్దుతిరుగుడు గింజలు నింపిన గొట్టం, రెండోది కొవ్వు దిమ్మ పెట్టిన తీగల గూడు. తెల్లవారగానే ముందుగా వచ్చేది నల్లటోపీ చికడీ. సుమారు పదకొండు గ్రాముల బరువుండే ఈ పిట్ట ఒక్క గింజను మాత్రమే ముక్కున కరచుకొని తుర్రుమంటుంది, దానిని బెరడు సందులో దాచి మళ్ళీ వస్తుంది. అలా వేల చోట్ల దాచిన తిండిని గుర్తుంచుకోవడానికి శరత్కాలంలో దాని మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగం పెరుగుతుందనీ, గడ్డకట్టే రాత్రుల్లో ఒంటి వేడిని పది డిగ్రీల దాకా తగ్గించుకొని శక్తిని పొదుపు చేసుకుంటుందనీ చదివి ఉన్నాను. అయినా కిటికీ అద్దం అవతల దాని కంగారు చూస్తుంటే అంత లెక్క గల ప్రాణి అని నమ్మడం కష్టమే.

బావగారు కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల, కెనడాలోని పక్షి పరిశీలకుల సంస్థ కలిసి నడిపే ‘ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్’కు ఫీడరుకు వచ్చే పిట్టల లెక్కలు పంపుతారు. ఏటా నవంబరు 1న మొదలయ్యే ఆ లెక్కలో ఒక నియమం నాకు బాగా నచ్చింది. వచ్చిన పిట్టనే మళ్ళీ మళ్ళీ లెక్కించకుండా, ఒక జాతి పిట్టలు ఒకేసారి ఎన్ని కనబడ్డాయో వాటిలో అతి పెద్ద సంఖ్యను మాత్రమే రాయాలి. ఆ ఉదయం చికడీలు 4, కొవ్వు దిమ్మను పొడిచే చిన్న వడ్రంగి పిట్టలు 2, తలకిందులుగా చెట్టు దిగే నట్‌హ్యాచ్ 1 అని నోటుబుక్కులో పడింది. అంతలో పెరడంతా ఉన్నట్టుండి మూగబోయింది. నట్‌హ్యాచ్ మాను మీద తల కిందికి పెట్టినది పెట్టినట్టే బిగుసుకుపోయింది. కూపర్స్ హాక్ అనే డేగ కంచె మీదుగా తక్కువ ఎత్తులో దూసుకుపోయి, ఏమీ దొరకక పక్కింటి ఓక్ చెట్టెక్కింది. అది వెళ్ళిపోయిన తరువాత కూడా నట్‌హ్యాచ్ చాలాసేపు కదలలేదు.

ఫీడరు కింద నేల మీద రాలిన గింజలు ఏరుకొనేవి జంకోలు. పైన పలక రంగు, కడుపు తెలుపు, ఎగిరినప్పుడు తోక అంచుల్లో రెండు తెల్ల గీతలు. ఇవి వేసవిలో కెనడా అడవుల్లోనూ, ఇక్కడి ఉత్తరపు కొండల్లోనూ గూళ్ళు కట్టి, చలి ముదరగానే ఇలా దిగివస్తాయి. రెండు స్వెట్టర్లు వేసుకొని కిటికీ వెనక వణుకుతున్న నాకు అప్పుడు తట్టింది, వీటికి ఇదే దక్షిణమని. నోటుబుక్కులో జంకోలు 7.

మరునాడు తెల్లవారుజామునే ప్లమ్ ఐలండ్‌కు బయలుదేరాము. మెర్రిమాక్ నది సముద్రంలో కలిసే చోటి నుంచి దక్షిణంగా సాగే సన్నని ఇసుక దీవి అది. చాలా భాగం పార్కర్ రివర్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయం కిందికి వస్తుంది. పైపింగ్ ప్లోవర్లనే తీరపు పిట్టలు గూళ్ళు పెట్టే కాలంలో, ఏప్రిల్ 1 నుంచి, ఇక్కడి సముద్రతీరాన్ని మనుషులకు మూసివేస్తారు; మేము వెళ్ళే నాటికి తెరిచే ఉంది. దిబ్బ దాటగానే గాలి ముఖం మీద చరిచింది. కళ్ళు నీళ్ళు కారుతుంటే బైనాక్యులర్స్‌లో మొదటి పావుగంట నాకు బూడిద రంగు తప్ప మరేమీ కనబడలేదు.

కళ్ళు అలవాటు పడ్డాక అలల అంచున శాండర్లింగ్‌లు కనబడ్డాయి. ఆర్కిటిక్‌లో పుట్టే ఈ చిన్న ఉల్లంకి జాతి పిట్టలకు వెనక వేలు ఉండదు. అల వెనక్కి తీస్తే దాని వెంట పరుగు, తిరిగి వస్తే ముందు పరుగు, మధ్యలో తడి ఇసుకలో ముక్కు గుచ్చి ఒక మెతుకు. మన బంగాళాఖాతం ఒడ్డుకు కూడా చలికాలంలో ఇదే జాతి దిగుతుంది గాని, నేను దాన్ని శ్రద్ధగా చూసింది ఇక్కడే, అందుకు కొంచెం సిగ్గుపడ్డాను. అలల వెనక ఈడర్ బాతుల గుంపు తేలుతోంది. మునిగి తెచ్చిన ఆలుచిప్పలను అవి పెంకుతో సహా మింగితే కడుపులోని కండర సంచి పిండి చేస్తుంది. లూన్ అనే నీటిపక్షి ఒంటరిగా ఒకటి, వేసవి నాటి నలుపు తెలుపుల గళ్ళ చొక్కా విడిచి, బూడిద రంగులో సాదాగా ఉంది. అంతకన్నా దూరంగా సముద్రపక్షులైన గానెట్‌లు. ఆరడుగుల రెక్కలను మడిచి బాణంలా నీళ్ళలో పడడం, తెల్లటి తుంపర లేవడం కనబడుతున్నా చప్పుడు మాత్రం మా దాకా రాలేదు. దానికోసమే అక్కయ్య గంటసేపు చలిలో నిలబడింది.

నేను మాత్రం తెల్ల గుడ్లగూబ మీద ఆశ పెట్టుకొని వెళ్ళాను. టెలిస్కోపు నిలబెట్టుకొన్న ఒక పెద్దాయనను అడిగితే, “ఇంకా తొందర, వచ్చినా అన్ని ఏళ్ళూ ఒకేలా రావు” అన్నారు. ఆయనే పార్కింగు స్థలం అంచున ఎండుగడ్డిలోకి చేయి చూపారు. గడ్డి తెల్లగా పైకి లేచినట్టనిపించింది, చూస్తే ముప్పై దాకా స్నో బంటింగులు. గూడు కట్టడానికి పాడే పిట్టల్లో వీటికన్నా ఉత్తరానికి పోయేవి లేవు. గాలికి ఒక్కసారిగా లేచి, తెల్ల రెక్కలు మెరిపించి, పది గజాల అవతల మళ్ళీ ఇసుకలో కలిసిపోయాయి.

ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగున్నర, అప్పటికే చీకటి పడుతోంది. ఫీడరు మీద కార్డినల్ జంట మాత్రం మిగిలింది. పొద్దున ముందు, సాయంత్రం చివర అన్నట్టు వస్తాయవి. కింద నేల మీద బూడిద రంగు కదలికలు ఉన్నాయి. బావగారు దీపం వేయకుండానే కిటికీ దగ్గర నిలబడి మెల్లగా లెక్కపెట్టి, నిన్నటి 7 కొట్టివేసి పక్కన 9 అని రాశారు.