పెట్టెడు కార్డులు, పదికి ఎన్ని మార్కులు?

బేస్‌బాల్ కార్డుని, అంటే ఆటగాడి బొమ్మ అచ్చేసి అమ్మే అట్టని, గ్రేడింగ్ కంపెనీకి పంపితే వాళ్ళు తేల్చేవి రెండు సంగతులు. కార్డు అసలుదేనా, అచ్చయ్యాక ఎవరూ దాన్ని మార్చలేదు కదా? అసలుదైతే ఎంత చెక్కుచెదరకుండా ఉంది? మార్కులు పదికి వేస్తారు కాబట్టి అందరి ధ్యాసా రెండోదాని మీదే. నాకు దెబ్బ తగిలింది మాత్రం మొదటిదాని దగ్గర.

మేముండేది న్యూజెర్సీ. పక్కింటి పెద్దాయన ఫ్లోరిడాకి మకాం మారుస్తూ, మావాడు లిటిల్ లీగ్‌లో (పిల్లల బేస్‌బాల్) ఆడతాడని తన పాత కార్డుల పెట్టె వాడి చేతిలో పెట్టి వెళ్ళారు. అందులో ముప్పాతిక మువ్వీసం 1980ల చివర, 90ల మొదట్లో కంపెనీలు లెక్కాపత్రం లేకుండా అచ్చేసి వదిలిన సరుకు. 'జంక్ వాక్స్' అని ఇక్కడివాళ్ళు తీసిపారేసేది దాన్నే. ఎన్నేళ్ళు దాచినా చిత్తుకాగితాల ధరే. పంపదగ్గవి మూడు తేలాయి, ఏడాది, కంపెనీ, ఆటగాడి పేరు వరసన: 1980 టాప్స్ రికీ హెండర్సన్, 1984 డాన్‌రస్ డాన్ మాటింగ్లీ, 1989 అప్పర్ డెక్ కెన్ గ్రిఫీ జూనియర్. మూడూ రూకీ కార్డులే, అంటే ఆ ఆటగాడి తొలినాళ్ళ కార్డులు.

ఏరేటప్పుడు ఆశని పక్కన పెట్టాలి. గ్రిఫీ కార్డుకి 10 వస్తే ధర వెయ్యి డాలర్లు దాటుతుంది. 9 అయితే అందులో ఏ మూలకో వస్తుంది. 8 అయితే ఫీజు, పోస్టేజీ పోను మిగిలేది అంతంతమాత్రం. అందుకని రాత్రి వంటింటి లైట్లన్నీ ఆర్పేసి, ఒక్క టేబుల్ ల్యాంపు కింద కార్డుని అటూ ఇటూ వంచి చూసేవాణ్ణి. నిటారుగా పట్టుకుంటే అద్దంలా కనిపించేది, కాస్త ఏటవాలుగా తిప్పగానే సన్నటి గీత తేలుతుంది. నాలుగు మూలలూ భూతద్దంలో చూస్తే ఒకచోట రంగు లేచి తెల్లగా నూగు కనిపిస్తుంది. బొమ్మ చుట్టూ ఉన్న అంచులు కూడా కొలవాలి. ఎడమా కుడీ 55/45 దాటి తేడా ఉంటే 10 మీద ఆశ వదులుకోవాల్సిందే. "ఏవండీ, పిల్లాడి లెక్కల పుస్తకం ఏనాడైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అంది మా ఆవిడ. చూడలేదు మరి.

గ్రిఫీ కార్డుదో తమాషా. అప్పర్ డెక్ మొట్టమొదటి సెట్‌లో ఒకటో నంబరు అది. ఫొటో తీసేనాటికి అతను శాన్ బెర్నార్డినోలో మైనర్ లీగ్ (పెద్ద లీగ్‌కి కింది మెట్టు) ఆడుతున్నాడు. తలమీద టోపీ ఆ టీముదే. దానికి రంగులు దిద్ది పెద్ద లీగ్ టీము సియాటిల్ మారినర్స్ టోపీగా మార్చి అచ్చేశారు. కంపెనీవాళ్ళే ఫొటో మార్చితే ఎవరికీ అభ్యంతరం లేదు. అచ్చయ్యాక ఎవడైనా నలిగిన మూలలు కొత్తగా కనపడాలని అంచు ఒక పిసరు కత్తిరించాడో, ఇక దానికి మార్కులుండవు.

ప్యాకింగ్‌లో పెద్ద విద్యేమీ లేదు. పలచటి ప్లాస్టిక్ కవరు, దానిమీద కార్డ్ సేవర్ అనే కాస్త వంగే ప్లాస్టిక్ హోల్డరు, అటూ ఇటూ అట్టముక్కలు, రబ్బరు బ్యాండు. గట్టి ప్లాస్టిక్ హోల్డర్లో పంపితే తీసేటప్పుడు మూల నలిగే ప్రమాదముంది. ఫారంలో కార్డు విలువ మనమే రాయాలి. ఫీజు దాన్నిబట్టే. తక్కువ రాసి ఫీజు మిగుల్చుకుందామనుకున్నా, మంచి గ్రేడ్ వచ్చి విలువ పెరిగిందంటే తేడా వాళ్ళే వడ్డిస్తారు.

తర్వాత ఎదురుచూపులు. వెబ్‌సైట్‌లో ఆర్డరు ఏ దశలో ఉందో కనిపిస్తుంటుంది. 'గ్రేడింగ్' అన్న మాట కనపడ్డాక ఆఫీసు మీటింగుల్లో కూడా ఫోను తీసి చూడటమే నా పని. పరీక్ష రాసింది నేనైనట్టు టెన్షన్.

గ్రిఫీకి 9. హెండర్సన్‌కి 6. ఆ కార్డుల్లో చాలావాటికి బొమ్మ అచ్చులోనే పక్కకి జరిగి వచ్చింది కాబట్టి నేనూ అంతకన్నా అనుకోలేదు. మాటింగ్లీకి గ్రేడే లేదు. కత్తిరించిన ఆనవాళ్ళున్నాయని రాసి, మిగతావాటిలా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వెయ్యకుండా వెనక్కి పంపారు. నమ్మబుద్ధి కాలేదు. అదే సెట్‌లోని మామూలు కార్డొకటి తీసి, మాటింగ్లీని దానిమీద పేర్చి, రెండింటి అడుగూ బల్లకి తట్టి సరిచేశాను. పైన కింది కార్డు అంచు వెంట్రుకవాసి బయటికి కనిపించింది. ఆ అంచు మరీ పదునుగా, కొత్తగా కూడా ఉంది. పెద్దాయనకి ఫోన్ చేస్తే, ఎప్పుడో కార్డ్ షోలో కొన్నదట. పాపం, ఆయనకీ తెలియదు.

ఈ కత్తిరింపు జబ్బు ఈ వ్యాపారం పుట్టుకలోనే ఉంది. 1991లో పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు పాతకాలపు ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది, 'టీ206' అనే సెట్‌లోది. హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ మరొకరితో కలిసి కొన్నది. దానికి 8 ఇచ్చారు. ఆ కార్డు అంచుల్ని తానే కత్తిరించానని వేలాల వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అది లక్షల డాలర్లు పలికింది, నా మాటింగ్లీ పక్కకి పోయింది!

గ్రిఫీని అమ్మట్లేదు, మావాడి బల్లమీద ఉంది. హెండర్సన్ డబ్బా పగలగొట్టి కార్డు చేత్తో పట్టుకుని చూస్తానని వాడు రోజూ గొడవ. అది వేయించడానికి పోసిన డాలర్లు గుర్తుచేసి ఇంకా ఆపుతున్నాను.