పచ్చడి సీసాలో బీడీ పైసలు

"లెక్కపెట్టు బిడ్డా" అంటూ కాకా పచ్చడి సీసాను చాప మీద బోర్లించాడు. అన్నీ పది, ఇరవై నోట్లు. ఎన్నిసార్లు కడిగారో గానీ ఆవకాయ వాసన మాత్రం పోలేదు.

కాకాది మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ పని. రోజుకు రెండు కట్టల బీడీ. కట్టలకు పెట్టే 40 రూపాయలు సీసాలో వేస్తే, నెల నిండాక అంతే నేను కలుపుతానన్నా. మధ్యలో తాగితే సీసా మొత్తం గుడి హుండీకి.

21 రోజులు. 840 ఉండాలి. 800 ఉన్నాయి.

నేనేమీ అడగలేదు. "మొన్న లారీ రాలే. అర్ధరాత్రి దాకా ఖాళీగా కూసున్నం. చేతులు ఊకుంటయా?" అన్నాడు.

జెనీవాలో తక్కువ ఆదాయం ఉన్న 805 మందితో ఇలాంటి ప్రయోగమే చేశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. డబ్బు ఇచ్చిన వాళ్లలో మానేసినవారు ఎక్కువే. కానీ వాళ్లలో కూడా చాలామంది మానలేకపోయారు. నేను ఆ మొదటి ముక్కే పట్టుకుని షరతు పెట్టేశా. ఆ హుండీ మాట ఎందుకన్నానో, నోటి దురద.

పైసలకు లారీ లేటైన రాత్రి గురించి ఏం తెలుస్తుంది? కట్ట మీదుండే, పొగాకు మానేందుకు సాయం చేసే 1800-11-2356 నంబరుకు ఇద్దరం కలిసి ఫోన్ చేద్దామన్నా. "తెలుగుల మాట్లాడ్తరా?" అన్నాడు. మాట్లాడతారన్నా.

హుండీ సంగతి ఇద్దరం ఎత్తలేదు. నోట్లు మళ్లీ సీసాలో కుక్కి, "నలభై బాకీ, రాసుకో" అని వెళ్లాడు.