చెరువు గట్టు మీద బోర్డు, హైదరాబాద్‌లో నేను, మధ్యలో సీరియల్ లైన్

ఎంబెడెడ్ పని, అంటే యంత్రాల్ని నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుల పని, చేసేవాళ్ళలో చాలామంది సీరియల్ కేబుల్‌ని, అంటే బోర్డు ప్రింట్ చేసే మాటల్ని కంప్యూటర్‌కి చేర్చే వైరుని, ఏదైనా పాడయ్యాకే బయటికి తీస్తారు. నా అభిప్రాయం దానికి పూర్తిగా ఎదురు. బోర్డు ఫీల్డ్‌కి వెళ్ళిన రోజే దాని సీరియల్ లైన్‌ని వినే ఏర్పాటు చెయ్యాలి, అది రాత్రీ పగలూ వింటూనే ఉండాలి. పాడయ్యాక వెళ్ళి తగిలిస్తే అప్పటికే సాక్ష్యం పోయి ఉంటుంది, చాలాసార్లు ఆ సాక్ష్యాన్ని చెరిపేసేది మనం తగిలించిన కేబులే.

ఇది నాకు బాగా అర్థమైంది భీమవరం వైపు ఒక రొయ్యల చెరువు దగ్గర పెట్టిన బోర్డు వల్ల. ఆక్వా సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు కానీ తెలియనివాళ్ళ కోసం: పగలు నీళ్ళలోని నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే నాచు ఆక్సిజన్ వాడేసుకుంటుంది, తెల్లవారుజాముకి నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అంటే అక్కడ అందరూ డీఓ అనేది, బాగా పడిపోతుంది. అందుకే రాత్రిళ్ళు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు. మా బోర్డు పని డీఓ సెన్సార్‌ని చదవడం, తగ్గితే ఏరేటర్ మోటారుకి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్, అంటే కాంటాక్టర్, వెయ్యడం. లోపల ఎస్‌టీఎం32ఎఫ్1 చిప్, సెన్సార్‌తో మాట్లాడేది ఆర్‌ఎస్-485 వైర్ల మీద మోడ్‌బస్ అనే ప్రశ్న-జవాబు పద్ధతిలో, స్పీడు సెకనుకి 9600 బిట్లు.

ఈ బోర్డు రాత్రిళ్ళు ఎప్పుడో ఒకసారి తనంతట తానే రీసెట్ అయ్యేది, అదీ ఏరేటర్లు ఆన్ అయ్యే వేళకే. వెంటనే లేచి మళ్ళీ పని మొదలుపెట్టేది కాబట్టి రొయ్యలకి ఏమీ కాలేదు, కానీ ఒక రాత్రి లేవకపోతే పంట మొత్తం పోతుందనే టెన్షన్‌తో రైతుకి నిద్ర లేకుండా పోయింది. ఆయన భయం న్యాయమైనదే. డీఓ పడిపోయిన చెరువులో ఏరేటర్లు ఆగితే ఎంతసేపు ఆగాయన్నదే లెక్క.

అందరి అనుమానం కరెంటు మీదే. మోటార్లు స్టార్ట్ అవుతాయి, వోల్టేజి కుంగుతుంది, బోర్డు పడిపోతుంది. వినడానికి ఎంత సబబుగా ఉందంటే పవర్ సప్లై మార్చారు, కెపాసిటర్లు పెంచారు, కాంటాక్టర్ కాయిల్‌కి వోల్టేజి ఎగిరిపడకుండా ఆపే స్నబ్బర్ కూడా పెట్టారు. రీసెట్లు మాత్రం ఆగలేదు.

ఒక తెల్లవారుజామున రీసెట్ కాగానే సైట్ చూసుకునే కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని గట్టు మీదికి వెళ్ళి కేబుల్ పెట్టి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, కేబుల్ పెట్టగానే బోర్డు మళ్ళీ మొదట్నుంచి లేచిందన్నా, ఇప్పుడంతా బానే చూపిస్తోంది." అతను చేసిన దాంట్లో తప్పేం లేదు. సీరియల్ పోర్టు ఓపెన్ చెయ్యగానే కంప్యూటర్ డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే రెండు లైన్లని యాక్టివ్ చేస్తుంది. ప్రోగ్రాం లోడ్ చెయ్యడం తేలిక కావాలని చాలా బోర్డుల్లో ఆ లైన్లని రీసెట్ పిన్‌కి కలుపుతారు. ఆర్డ్యునో ఊనోలో ఒక చిన్న కెపాసిటర్ ద్వారా, ఈఎస్‌పీ32 కిట్లలో రెండు ట్రాన్సిస్టర్ల ద్వారా, మా బోర్డులో కూడా అలాగే. ఆఫీసులో బెంచి మీద ఇది చాలా సుఖం. ఫీల్డ్‌లో మాత్రం, ఎందుకు పడిపోయావు అని బోర్డుని అడగబోయి దాన్ని మళ్ళీ పడేసినట్టు. లైనక్స్‌లో స్టీటీవై కమాండుతో హెచ్‌యూపీసీఎల్ ఆఫ్ చేస్తే సరిపోతుందని చాలా చోట్ల రాస్తారు, కానీ అది పోర్టు మూసేటప్పుడు డీటీఆర్ పడిపోకుండా ఆపుతుంది, మొదటిసారి ఓపెన్ చేసినప్పుడు జరిగేదాన్ని ఆపదు. నమ్మదగిన మందు ఒకటే, ఆ వైరుని తెంపెయ్యడం. లేదా దారిలో ఒక జంపర్ పెట్టి ఫీల్డ్‌కి పంపేముందు తీసెయ్యడం.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. బోర్డుకి పవర్ తీసేసినా సీరియల్ అడాప్టర్ తగిలించే ఉంటే, దాని టీఎక్స్ లైన్, అంటే డేటా పంపే వైరు, ఖాళీగా ఉన్నప్పుడు 3.3 వోల్టుల దగ్గరే నిలబడి ఉంటుంది. ఆ వోల్టేజి చిప్ ఆర్‌ఎక్స్ పిన్‌లోని, అంటే డేటా తీసుకునే పిన్‌లోని, ప్రొటెక్షన్ డయోడ్ గుండా లోపలి సప్లైలోకి పోతుంది. ఎల్‌ఈడీ మసగ్గా వెలుగుతూనే ఉంటుంది, చిప్ పూర్తిగా చావదు, పూర్తిగా బతకదు. ఫోన్‌లో "పవర్ తీసి పెట్టానన్నా" అని వినబడుతుంది, నిజానికి పవర్ పోయి ఉండదు. ఆ లైన్‌లో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. రెండు వైపుల కరెంటూ కలవకుండా డేటాని మాత్రమే దాటించే డిజిటల్ ఐసోలేటర్ పెడితే ఇంకా మంచిది, మోటార్ల దగ్గర రెండు వేర్వేరు సప్లైల గ్రౌండ్లు కలవడం వల్ల వచ్చే తలనొప్పి కూడా పోతుంది. ఉత్తినే వినడానికైతే గ్రౌండు, బోర్డు టీఎక్స్, ఈ రెండు వైర్లే చాలు. మేం మూడోది కూడా ఉంచాం, ఎందుకంటే కొత్త ఫర్మ్‌వేర్‌ని, అంటే బోర్డులో నడిచే ప్రోగ్రాంని, కూడా ఆ దారిలోనే పంపాలి.

సరే, ఏర్పాటు ఏంటంటే, బోర్డు ఉన్న డబ్బాలోనే రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్, దానికి 4జీ డాంగిల్. మొబైల్ నెట్‌వర్కుల్లో మామూలుగా మనకి సొంత పబ్లిక్ ఐపీ అడ్రసు ఉండదు కాబట్టి బయటి నుంచి నేరుగా లోపలికి వెళ్ళలేం, అందుకని ఆ చిన్న కంప్యూటర్ నుంచే మా సర్వర్‌కి రివర్స్ ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్, అంటే లోపలి నుంచి బయటికి తెరుచుకునే రక్షిత దారి, వేసి, తెగితే తనే మళ్ళీ కలుపుకునేలా పెట్టాం. సీరియల్ పోర్టుని నెట్‌వర్క్ మీదికి తేవడానికి సెర్‌టూనెట్ అనే ప్రోగ్రాం ఉంది. స్పీడు మార్చడం లాంటివి కూడా దూరం నుంచి చెయ్యాలంటే ఆర్‌ఎఫ్‌సీ 2217 అనే పద్ధతి 1997 నుంచీ ఉంది, టెల్నెట్ మీద నడుస్తుంది, దానికి సొంతంగా రక్షణ ఏమీ లేదు కాబట్టి టన్నెల్ లోపలే వాడాలి. ఈ డబ్బా సిద్ధం చేసేటప్పుడు రెండు సంగతులు ముందే చూసుకోండి. మోడెమ్‌మేనేజర్ అనే సర్వీసు కొన్ని సీరియల్ పోర్టులు కనబడగానే అవి మోడెములేమో అని ఏటీ కమాండ్లు పంపి చూస్తుంది, అవసరం లేని డబ్బాలో దాన్ని తీసెయ్యండి. రెండోది, సీహెచ్340 అడాప్టర్లకి మామూలుగా సీరియల్ నంబర్ ఉండదు, రెండు పెడితే ఏది ఏదో ఐడీని బట్టి తెలియదు, ఏ యూఎస్‌బీ సాకెట్‌లో ఉందన్న దాన్ని బట్టి పేరు పెట్టుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం ప్రతి లైన్‌కి టైం వెయ్యడం. బోర్డులో గడియారం లేదు, ఆ చిన్న కంప్యూటర్‌లో ఉంది, నెట్‌వర్క్ నుంచి సరిచేసుకుంటుంది. వచ్చిన ప్రతి లైన్ ముందు మిల్లీసెకన్లతో సహా టైం రాసి డిస్కులో పెట్టమన్నాం. రాత్రి ఎప్పుడు ఏ ఏరేటర్ ఆన్ అయిందో, ఎప్పుడు రీసెట్ అయిందో పక్కపక్కన కనబడటం మొదలయ్యాక మాట్లాడుకునే తీరే మారిపోయింది. అనుమానాలు పోయి లెక్కలు వచ్చాయి.

ఫర్మ్‌వేర్‌లో మొదట పెట్టింది ఒక్క లైనే: లేవగానే రీసెట్ ఎందుకు అయిందో చిప్ రాసిపెట్టుకునే రిజిస్టర్‌ని చదివి ప్రింట్ చెయ్యడం. కరెంటు కుంగి పడిపోతే అందులో పవర్ ఫ్లాగ్, అంటే పవర్ పోయిందన్న గుర్తు, ఉంటుంది. తర్వాత వచ్చిన రీసెట్‌లో అది లేదు, వాచ్‌డాగ్ ఫ్లాగ్ ఉంది. వాచ్‌డాగ్ అంటే ప్రోగ్రాం మధ్యమధ్యలో పలకరించకపోతే (దీన్నే తినిపించడం అంటారు) బోర్డుని రీసెట్ చేసే టైమర్. అంటే కరెంటు బానే ఉంది, ప్రోగ్రామే ఎక్కడో ఇరుక్కుపోయింది, తినిపించేవాళ్ళు లేక వాచ్‌డాగ్ బోర్డుని రీసెట్ చేసింది. ఇన్ని మార్పులు చేసిన పవర్ సప్లైకి దీంతో సంబంధమే లేదు. ఈ ఒక్క లైన్ మొదటి రోజు నుంచీ ఉంటే ఆ ఖర్చంతా మిగిలేది, అందుకే ఫీల్డ్‌కి వెళ్ళే ప్రతి బోర్డులో ఇది ఉండి తీరాలని నేను పట్టుబడతాను.

మరి ఎక్కడ ఇరుక్కుంది? ఇక్కడ ఎవరికైనా జీడీబీ, అంటే నడుస్తున్న ప్రోగ్రాంని ఆపి లోపల చూసే డీబగ్గర్, పెడదామనిపిస్తుంది. జీడీబీకి సీరియల్ మీద మాట్లాడే సొంత పద్ధతి ఉంది, ప్రతి ప్యాకెట్ డాలర్ గుర్తుతో మొదలై, హాష్ గుర్తు, రెండంకెల చెక్‌సమ్‌తో అయిపోతుంది, అందితే అవతలివాడు ప్లస్ పంపిస్తాడు. చిన్నచిన్న ప్యాకెట్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి కాబట్టి 4జీ మీద నడిపితే ప్రాణం తీస్తుంది. దానికి మందు, జీడీబీని డబ్బాలోని ఆ చిన్న కంప్యూటర్‌లోనే నడిపి మనం ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చోవడం. ఎఫ్‌టీడీఐ అడాప్టర్ అయితే దాని లేటెన్సీ టైమర్ మామూలుగా 16 మిల్లీసెకన్లు ఉంటుంది, దాన్ని 1కి తగ్గిస్తే చాలా తేడా తెలుస్తుంది. ఇవన్నీ చెయ్యొచ్చు. కానీ రాత్రి పూట, బతికి ఉన్న చెరువు మీద, ఏరేటర్లని నడిపే బోర్డుని బ్రేక్‌పాయింట్ దగ్గర ఆపడం నా ఒంటికి సరిపడదు. ఆ పని బెంచి మీద చెయ్యాలి. మా బెంచి మీద ఈ రీసెట్ రాలేదు.

పోనీ ప్రింట్లు పెంచుదామా అంటే అదీ అంత అమాయకమైన పని కాదు. 115200 స్పీడులో స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక్కో అక్షరానికి 10 బిట్లు, అంటే సెకనుకి 11,520 అక్షరాలు. 80 అక్షరాల లైన్‌కి దాదాపు 7 మిల్లీసెకన్లు. ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపించి వెంటనే నడిచే చిన్న కోడు, లోపల ఇలాంటి లైన్ ఒకటి పెడితే టైమింగ్ మొత్తం మారి అసలు బగ్ దాక్కుంటుంది. అందుకని మామూలు ప్రింట్లన్నీ ముందు మెమరీలో ఒక రింగ్ బఫర్‌లోకి వెళ్ళేలా చేసి, ఖాళీ ఉన్నప్పుడు బయటికి పంపేలా మార్చాం. ఆపైన అన్నిటికంటే ఎక్కువ ప్రయారిటీతో ఒక టైమర్ ఇంటరప్ట్ పెట్టాం. దాని పని మెయిన్ లూప్ కదులుతోందా లేదా చూడటం. వాచ్‌డాగ్ కాలం ముగిసే కాస్త ముందు దాకా కదలకపోతే, ప్రోగ్రాం ఏ అడ్రసు దగ్గర ఉందో స్టాక్ నుంచి తీసి, యూఆర్ట్ (చిప్‌లో సీరియల్ డేటాని పంపే, తీసుకునే భాగం) స్టేటస్ రిజిస్టర్లతో సహా నేరుగా సీరియల్ మీదికి పంపేస్తుంది. ఎలాగూ చావబోతోంది కాబట్టి అక్కడ ఆలస్యమైనా నష్టం లేదు. కొత్త ఫర్మ్‌వేర్‌ని పగటి పూట, రైతు ఏరేటర్లని చేత్తో నడుపుకుంటుండగా పంపాం. తర్వాత ఎదురు చూడటమే.

వచ్చింది. ఆ అడ్రసు కోడులో ఏ లైనో చెప్పే యాడర్‌టూలైన్ అనే టూల్‌కి దాన్ని ఇస్తే చూపించింది సెన్సార్ వైపు యూఆర్ట్ ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ని. స్టేటస్ రిజిస్టర్‌లో, పాత బైట్ చదవకముందే కొత్తది వచ్చి పోయిందని చెప్పే ఓవర్‌రన్ బిట్ 1, డేటా వచ్చింది అని చెప్పే ఆర్‌ఎక్స్‌ఎన్‌ఈ బిట్ 0. ఆ రెండు అంకెలు చూశాక మిగతాదంతా మాన్యువల్‌లోనే ఉంది.

ఈ చిప్‌లో డేటా ఇంటరప్ట్ ఆన్ చేస్తే ఓవర్‌రన్ వచ్చినా అదే ఇంటరప్ట్ కొడుతుంది. ఓవర్‌రన్ పోవాలంటే స్టేటస్ చదివి, ఆ తర్వాత డేటా చదవాలి. ఎక్కడి నుంచో వారసత్వంగా వస్తున్న ఆ డ్రైవర్ కోడు డేటా బిట్ ఉందా అని మాత్రమే చూస్తుంది, లేకపోతే ఏమీ చదవకుండా బయటికి వచ్చేస్తుంది. మామూలుగా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఓవర్‌రన్ అయినప్పుడు డేటా బిట్ కూడా ఉంటుంది, రెండూ కలిసి పోతాయి. కానీ స్టేటస్ చదివాక, డేటా చదివే లోపు ఇంకో బైట్ వచ్చి పడితే, డేటా బిట్ పోతుంది, ఓవర్‌రన్ మిగిలిపోతుంది. ఇంటరప్ట్ కొడుతూనే ఉంటుంది, హ్యాండ్లర్ ఏమీ చెయ్యకుండా తిరిగి వస్తూనే ఉంటుంది, మెయిన్ లూప్‌కి ఒక్క క్షణం కూడా దొరకదు.

9600 స్పీడులో ఒక బైట్‌కి మిల్లీసెకను పైచిలుకు పడుతుంది. రెండు ఇన్‌స్ట్రక్షన్ల మధ్య అంత ఆలస్యం ఎలా వచ్చింది? ఏరేటర్ ఆన్ అవగానే ఆ సంగతిని ఫ్లాష్‌లో, అంటే పవర్ పోయినా చెరగని మెమరీలో, రాసే ఇంటరప్ట్‌కి దీనికంటే ప్రయారిటీ ఎక్కువ. ఫ్లాష్‌లో రెండు బైట్లు రాయడానికే సుమారు 50 మైక్రోసెకన్లు పడుతుంది, 64 బైట్ల రికార్డు రాస్తే ఒకటిన్నర మిల్లీసెకను దాటుతుంది. అది సరిగ్గా ఆ సందులో దూరాలి, పైగా పోయిన బైట్ సెన్సార్ జవాబులో చివరిది అయి ఉండాలి. చివరిది కాకపోతే తర్వాతి బైట్ రాగానే హ్యాండ్లర్ దాన్ని చదువుతుంది, ఓవర్‌రన్ కూడా దాంతోపాటే పోతుంది. చివరిదైతే మాత్రం ఇంకేమీ రాదు, ఎందుకంటే తర్వాతి ప్రశ్న పంపాల్సిన మెయిన్ లూప్ ఇరుక్కుపోయి ఉంది. ఇన్ని కుదరాలి కాబట్టే ఎప్పుడో ఒకసారి వచ్చేది, ఏరేటర్ ఆన్ అయితేనే కుదురుతుంది కాబట్టే అందరికీ కరెంటులా కనబడింది.

సరిదిద్దడం చిన్న పనే. హ్యాండ్లర్‌లో ఓవర్‌రన్ బిట్‌ని కూడా చూసి డేటా రిజిస్టర్ చదవడం, ఫ్లాష్ రాతని ఇంటరప్ట్‌లోంచి తీసి మెయిన్ లూప్‌కి మార్చడం. కారణం తెలిశాక బెంచి మీద కూడా తెప్పించగలిగాం, ఆ ఫ్లాష్ రాసే ఇంటరప్ట్‌ని కావాలని మళ్ళీ మళ్ళీ కొట్టిస్తే పాత కోడులో అదే రీసెట్, కొత్త కోడులో లేదు.

ఆ టైమర్ ఇంటరప్ట్‌ని మాత్రం తీసెయ్యలేదు. రిలీజ్ బిల్డులో డీబగ్ కోడు ఎందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు, నా మట్టుకు నాకు అది డీబగ్ కోడు కాదు, వాచ్‌డాగ్ ఎంత అవసరమో అదీ అంతే. మా తర్వాతి బోర్డులో సీరియల్ హెడర్ డబ్బా తెరవకుండానే అందేలా బయటి వైపుకి వచ్చింది, ఐసోలేటర్ బోర్డు మీదే ఉంది, డీటీఆర్ జంపర్ తీసేసి పంపుతున్నాం. ప్రతి బిల్డుకీ ఈఎల్‌ఎఫ్ ఫైలు (ఏ అడ్రసు కోడులో ఏ లైనో అందులోనే ఉంటుంది) దాచిపెట్టడం, బోర్డు లేవగానే తన బిల్డు నంబర్ ప్రింట్ చెయ్యడం కూడా తప్పనిసరి చేశాం, ఏ ఫైలుతో వెతకాలో తెలియకపోతే గట్టు మీది నుంచి వచ్చిన ఆ అడ్రసుతో చేసేదేమీ ఉండదు.