నాన్న బండి దగ్గర మూడు ఆదివారాలు

నాన్న నడిపిన పాత వంద సీసీ ఫోర్ స్ట్రోక్ బండి నెల రోజులుగా నాకు మనశ్శాంతి లేకుండా చేసింది. వేగంలో ఎక్సలరేటర్ వదిలితే చాలు, సైలెన్సర్‌లో టపాకాయ పేలినట్టు ‘ఢాం’! మొదటి ఆదివారం పెట్రోలును గాలితో కలిపే కార్బరేటర్ విప్పి, ఎక్సలరేటర్ వదిలినప్పుడు పెట్రోలు అందించే సన్నని రంధ్రం, పైలట్ జెట్ శుభ్రం చేశాను. రెండో ఆదివారం ప్లగ్గు మార్చి, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేలా తెరుచుకుని మూసుకునే పాయింట్ల మధ్య ఖాళీని సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో 0.35 మిల్లీమీటర్లకు సరిచేశాను. స్టార్టింగ్ మెరుగైంది, పేలుడు మాత్రం ఆగలేదు.

అప్పుడు తట్టింది. చప్పుడు కార్బరేటర్ వైపు నుంచి వస్తే పెట్రోలు, గాలి మిశ్రమాన్నీ, నిప్పురవ్వ పడే టైమింగ్‌నూ, ఇన్‌లెట్ వాల్వునూ అనుమానించాలి. ఇది వెనక నుంచి, అదీ ఎక్సలరేటర్ మూసినప్పుడే వస్తోంది. వంగి చూస్తే సైలెన్సర్ గొట్టం ఇంజిన్ హెడ్‌ను కలిసే చోట నల్లటి మసి చార! లోపల సందు మూసే రింగు, గాస్కెట్, ఒక పక్క కాలి తరిగిపోయింది. ఆ సందులోంచి దూరిన గాలి, మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరితో కలిసి వేడి గొట్టంలో అంటుకుంటోంది.

కొత్త గాస్కెట్ వేసి, రెండు నట్లనూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాను. సాయంత్రం ఊరి బయటి వాలులో ఎక్సలరేటర్ పూర్తిగా వదిలాను. బండి మెత్తగా గుడగుడలాడుతూ దిగింది. చిన్నప్పుడు నాన్న వీధి మలుపు తిరగగానే గుర్తుపట్టిన చప్పుడు అదే.