బెజవాడలో రెండు రోజులు, కౌంటర్ దగ్గర 40 నిమిషాలు

నిన్న రాత్రే గుంటూరు తిరిగొచ్చాం. కోపం ఇంకా చల్లారలేదు.

పెళ్ళయిన 11 ఏళ్ళలో మేమిద్దరమే ఎక్కడికీ వెళ్ళింది లేదు. పిల్లల్ని అత్తయ్యగారి దగ్గర ఉంచి, బెజవాడలో రెండు రోజులు నింపాదిగా ఉండి భవానీ ద్వీపం, ఉండవల్లి, కొండపల్లి చూడాలనుకున్నాం. గది ఆన్‌లైన్‌లోనే దొరికింది. వెయ్యి అడ్వాన్సు కట్టాం.

రిసెప్షన్ అబ్బాయి మా ఆధార్ కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి, పెన్ను మొనతో నా ఇంటిపేరు మీద కొట్టాడు. "సార్, మేడమ్ మీకేమవుతారు?" నేనక్కడే నిలబడి ఉన్నాను, నన్నడగలేదు. నా సర్టిఫికెట్లు, ఉద్యోగం అన్నీ పుట్టింటి పేరుతోనే ఉన్నాయి. పెళ్ళయ్యాక మార్చుకుని తీరాలని చట్టమేమీ లేదు.

"నా భార్య" అన్నారు మా ఆయన.

"ప్రూఫ్ ఉందా సార్? గుంటూరువాళ్ళకి ఇక్కడ గది ఎందుకని మా మేనేజర్ అడుగుతారు."

వెనక సోఫాలో కూర్చున్నవాళ్ళు మాటలాపేశారు. నల్లపూసలు కనపడుతున్నాయో లేదోనని నా చెయ్యి దానంతటదే గొలుసు పైకి లాగింది. అలా లాగినందుకే ఇప్పటికీ మనసు మండిపోతోంది.

అత్తయ్యగారికి ఫోన్ చేశాం. "ఏమైందమ్మా, పోలీసులా?" అని ఆవిడ కంగారు. బీరువాలో మ్యారేజ్ సర్టిఫికెట్ వెతికి, మా పెద్దాడితో ఫొటో తీయించి పంపేసరికి 40 నిమిషాలు. ఆ అబ్బాయి ఫొటో పెద్దది చేసి చూసి, రిజిస్టర్ మా ఆయన వైపు తిప్పాడు. అప్పుడు చెప్పాను, మాకు నీ గది వద్దని. పెళ్ళికాని జంటకైనా గది ఇవ్వకూడదని ఈ దేశంలో చట్టం లేదు. గుర్తింపు కార్డు చూడాలి, పేరు రాసుకోవాలి. ఆడమనిషి ఎవరి మనిషో తేల్చే పని వాళ్ళకెవరిచ్చారు?

ఇంకో హోటల్లో ఐదు నిమిషాల్లో తాళం ఇచ్చారు. ఈలోగా పొద్దుగూకింది, భవానీ ద్వీపం పడవ పోయింది.

మర్నాడు బ్యారేజీ దాటి ఉండవల్లి వెళ్ళాం. ఎండెక్కితే రాళ్ళు కాలతాయి, పొద్దున తెరవగానే వెళ్ళండి. ఏకశిలలో తొలిచిన అనంతశయనుడి ముందు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాం. కొండపల్లిలో ఒకాయన తెల్లపొణికి కర్రతో చేసిన ఏనుగుకి తొండం అతికిస్తున్నారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుని వేలితో అద్ది, అతుకు కనపడకుండా నునుపు చేశారు. చూస్తూ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాం. ముందురోజు నుంచి బిగుసుకుపోయిన మా ఆయన ముఖం అక్కడే విచ్చుకుంది.

వెళ్ళేవాళ్ళు ముందే హోటల్‌కి ఫోన్ చేసి, దగ్గరి ఊరి ఆధార్ ఒప్పుకుంటారా, ఇంటిపేర్లు వేరైతే ఇబ్బందా అని అడగండి. జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. మా వెయ్యి ఇంకా వెనక్కి రాలేదు. సోమవారం మళ్ళీ ఫోన్ చేస్తాను. ఈసారి మేనేజర్‌తో నేనే మాట్లాడతాను.